గోషాలో అల్లిన గొలుసు

మా గురించి రాసేవాళ్ళు మామూలుగా రెండే చోట్ల మొదలుపెడతారు. ఒకటి గోలకొండ కోట, రెండోది బిర్యానీ హండీ. మనసు మంచిదైతే కుతుబ్‌షాహీల తెలుగు అభిమానం మీద నాలుగు మాటలు రాస్తారు. మనసు బాగోకపోతే రజాకార్ల మీద రాస్తారు. మావాళ్ళూ తక్కువేం కాదు. జల్సాలో మైకు దొరికితే చాలు, నిజాం వజ్రాల దగ్గర్నుంచి ఎత్తుకుంటారు. ఈ రెండు రకాల చరిత్రల్లోనూ మా నానీ లేదు. ఆమె ఏ కోటలోనూ ఉండలేదు, ఏ వజ్రాన్నీ చూడలేదు. పొద్దున చేతిలో గరిటె, జొహర్ నమాజు అయ్యాక క్రోషియా సూది. అంతే ఆమె ఆస్తి. హైదరాబాదు పాతబస్తీలో, కర్నూల్లో, కడపలో, గుంటూర్లో ఇట్లాంటి నానీలు, దాదీలు ఎంతమందో లెక్కలేదు. వాళ్ళ చరిత్ర రాద్దామంటే దస్తావేజులుండవు. తినేసిన వంటకూ, ఉతికి ఉతికి పీలికలైన దిండు గలీబుకూ ఏ ఆర్కైవ్సూ చోటివ్వదు.

అయినా వెతికితే కొంత దొరుకుతుంది. ఎక్కువగా మాటల్లో దొరుకుతుంది. ఇప్పుడే అన్నానే, గలీబు. దిండు తొడుగుకు తెలుగువాళ్ళందరూ వాడే మాట. అది అరబ్బీ ‘గిలాఫ్’. మక్కాలో కాబా మీద కప్పే వస్త్రాన్ని ఉర్దూలో గిలాఫే కాబా అంటారు. ఆ మాటే కోనసీమ ఇంట్లో దూది దిండు మీదికి ఎక్కి కూర్చుంది. చొక్కాకు కాజా, జేబు, లోపలి అస్తరు, చీరకు జరీ, వీటన్నిటినీ కుట్టే దర్జీ, ఇవన్నీ తెలుగులోకి మా వైపునుంచి నడిచొచ్చిన మాటలే. ఇవి పరాయివి అని ఎవరూ తీసి పారెయ్యలేదు. పారేస్తే చొక్కా ఊడిపోతుంది.

ఇక సూది సంగతి. క్రోషియా అనేది మాకు ఎంత ఇంటి మాటంటే, అది ఉర్దూ కాదంటే మా ఇంట్లో ఎవరూ నమ్మరు. అది ఫ్రెంచి మాట. చిన్న కొక్కెం అని అర్థం. 19వ శతాబ్దంలో యూరపులో బాగా వ్యాపించిన అల్లిక పని అది. రైల్లో, బస్సులో, టీవీ తెరమీద ముస్లింని దూరంనుంచే గుర్తుపట్టడానికి పనికొస్తున్న తెల్ల అల్లిక టోపీ ఉందే, అది ఫ్రెంచి పేరున్న కొక్కెంతో అల్లింది. ఆ టోపీని చూసి పళ్ళు కొరికేవాళ్ళకీ, ఆ టోపీయే దీన్ అనుకునే మావాళ్ళకీ ఈ సంగతి సమానంగా చేదుగా ఉంటుంది.

పని తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. ఒకటే దారం, ఒకటే కొక్కెం. ఒక ముడిలోంచి దారాన్ని లాగితే ఇంకో ముడి పడుతుంది. అట్లా పోతూ ఉంటే గొలుసు అవుతుంది. గొలుసును తిప్పి తిప్పి పువ్వు చేస్తారు, పువ్వులను కలిపి గుడ్డ చేస్తారు. రెండు సూదులతో స్వెట్టరు అల్లేటప్పుడు వరుస మొత్తం సూదిమీద వేలాడుతుంది. కాస్త జారితే మొత్తం జారుతుంది. క్రోషియాలో అట్లా కాదు. ఎప్పుడైనా సూదిమీద ఉండేది ఒకటే ముడి. పప్పు పొంగితే, పిల్ల ఏడిస్తే, తలుపు కొడితే అక్కడికక్కడ వదిలేసి లేవొచ్చు. మళ్ళీ వచ్చి అదే ముడి దగ్గర అందుకోవచ్చు. వంటింటికి ఇంతకంటే సరిపోయే పని ఇంకోటి లేదు. అందుకే దీనికి ఖాళీ సమయపు పని అని పేరొచ్చింది. నన్నడిగితే ఇది ఒక్క గంట కూడా తనదంటూ ఖాళీ లేనివాళ్ళు కనిపెట్టుకున్న పని.

ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. లేసును యంత్రంమీద నేస్తారు, స్వెట్టరును యంత్రంమీద అల్లుతారు. కానీ అసలు క్రోషియా ముడిని యంత్రం ఈనాటికీ వెయ్యలేదు. బజారులో దానిలా కనిపించే యంత్రపు గుడ్డలు వేరు. అసలైన క్రోషియా ఎక్కడ చవగ్గా దొరుకుతున్నా దాని వెనక ఒక ఆడమనిషి చెయ్యి ఉంది. చవక ఆ చేతిదే.

ఈ చెయ్యి బతుకుతెరువుగా ఎట్లా మారిందో చూడాలంటే ఐర్లండు పోవాలి. అక్కడ 1845లో బంగాళాదుంప పంటకు తెగులు పట్టి పెద్ద కరువొచ్చింది. ఆకలితో చచ్చినవాళ్ళు లక్షల్లో ఉన్నారు, ఓడలెక్కి దేశం వదిలినవాళ్ళు లక్షల్లో ఉన్నారు. కాన్వెంట్లలో, పాస్టర్ల ఇళ్ళల్లో ఆడవాళ్ళకు క్రోషియా నేర్పి, ఆ లేసును దొరసానుల గౌన్ల కోసం అమ్మిపెట్టారు. 1847లో క్లోన్స్ అనే ఊళ్ళో కసాండ్రా హాండ్ అనే పాస్టరుగారి భార్య మొదలుపెట్టిన లేసుకు ఆ ఊరి పేరే నిలిచిపోయింది. అన్నం లేని ఇంట్లో అల్లిన పువ్వు అన్నం పారేసే ఇంట్లో తేలింది. ఈ కథ మనకు కొత్తగా ఉండదు, ఎందుకంటే ఇదే కథ గోదావరి ఒడ్డున కూడా నడిచింది.

19వ శతాబ్దంలో గోదావరి ప్రాంతానికి వచ్చిన మిషనరీ కుటుంబాల స్త్రీలు దుమ్ముగూడెంలో, నరసాపురం వైపు లేసు నేర్పారు. మొదట నేర్చుకున్నది కొత్తగా క్రైస్తవంలోకి వచ్చిన పేద మాల, మాదిగ స్త్రీలు. తరవాత అది కాపు ఇళ్ళలోకి పోయింది. 1970లు వచ్చేసరికి నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల ఊళ్ళల్లో వీధి అరుగుల వెనక, తలుపు చాటున, లక్ష పైచిలుకు ఆడవాళ్ళు అమెరికా, యూరపు బల్లలమీద పరిచే గుడ్డల కోసం పువ్వులు అల్లుతున్నారు. పువ్వులు అల్లేది ఒకరు, వాటిని అతికేది ఇంకొకరు. మొత్తం గుడ్డ ఎట్లా ఉంటుందో అల్లినామెకు తెలియదు. దారం ఇచ్చేదీ, సరుకు తీసుకునేదీ, ఓడకెక్కించేదీ మగవాళ్ళు.

1970ల చివర్లో మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త అక్కడికి వచ్చి, ఇల్లిల్లూ తిరిగి రాసిన పుస్తకం 1982లో లండన్‌లో అచ్చయింది. ఆమె చూసినవాటిల్లో నన్ను పట్టుకున్నవి రెండు. ఒకటి, రోజంతా లేసు అల్లే కాపు ఇల్లాలికి వచ్చేది, పొలంలో కూలికి పోయే దళిత స్త్రీకి వచ్చేదానికంటే తక్కువ. రెండు, ఆ ఇల్లాలు తనను తాను కూలిమనిషి కంటే పైమెట్టు అనుకునేది. ఎందుకు? ఆమె ఎండలోకి రాదు కనుక. ఆమె ఘోషా మనిషి కనుక.

ఘోషా! తెలుగులో ఒత్తు పెట్టి ఘనంగా పలికే ఈ మాట ఫార్సీ ‘గోషా’. మూల అని అర్థం. గోషానషీన్ అంటే మూల కూర్చున్నవాడు, లోకం వదిలి ధ్యానంలో ఉన్న ఫకీరు. మగవాడు మూల కూర్చుంటే సూఫీ అయ్యాడు, ఆడది మూల కూర్చుంటే మర్యాద అయింది. హైదరాబాదులో గోషామహల్ ఉంది. విశాఖపట్నంలో విక్టోరియా ఆసుపత్రిని జనం ఈనాటికీ ఘోషా ఆసుపత్రి అనే అంటారు. 1885లో మద్రాసులో పెట్టిన ఆసుపత్రి పూర్తి పేరే కులస్త్రీలకూ ఘోషా స్త్రీలకూ విక్టోరియా ఆసుపత్రి. చూడండి, బోర్డు మీదే పక్కపక్కన కూర్చోబెట్టారు. అగ్రకులాల హిందూ స్త్రీ, పరదాలోని ముస్లిం స్త్రీ ఒకే గుమ్మంలోంచి పురిటికి పోయారు. ఇవ్వాళ పరదా అనగానే అది మా ఒక్కరిదే అన్నట్టు మాట్లాడే పెద్దమనుషులు తమ ముత్తవ్వలు ఏ ఆసుపత్రికి పోయారో ఒకసారి అడిగి తెలుసుకుంటే బాగుంటుంది.

మా వైపు సంగతి కూడా దాచడం నాకిష్టం లేదు. ‘హమారే ఔరతాఁ బాహర్ నై జాతే’ అని ఛాతీ విరుచుకునే మగవాళ్ళు మా గల్లీల్లో బోలెడుమంది. ఆ ఔరతాఁ బయటికి పోకుండానే ఇంటికి పిండీ నూనే ఎట్లా వస్తున్నాయో మాత్రం చెప్పరు. రిక్షా తొక్కే భర్త మూడురోజులు జ్వరంతో పడుకుంటే పొయ్యి ఎవరు ముట్టించారో చెప్పరు.

నరసాపురం దగ్గర ఒక ఊళ్ళో, లేసు అల్లుతున్న ఆవిణ్ణి రోజుకెన్ని గంటలు పనిచేస్తారని అడిగాను. ఆవిడ నవ్వింది. ‘పనేముందండీ, వంటయ్యాక ఊసుపోక కుట్టుకుంటామండీ’ అంది. ఆ తరవాత పాతబస్తీలో, చీరెమీద జర్దోజీ పని చేస్తున్న ఒకామెను అదే ప్రశ్న అడిగాను. మగ్గం చెక్కకు బిగించిన గుడ్డమీదనుంచి కళ్ళెత్తకుండానే ‘కామ్ కాయ్‌కా ఆపా, ఘర్ మే బైఠ్‌కో కర్ లేతే’ అంది. పనేంటక్కా, ఇంట్లో కూర్చుని చేసుకుంటాం. రెండు భాషలు, రెండు మతాలు, మధ్యలో మూడు వందల కిలోమీటర్లకు పైగా దూరం. జవాబు ఒకటే. ఇద్దరి వేళ్ళకూ ఒకే చోట కాయ కాసింది.

ఉర్దూ ఇళ్ళల్లో ఈ పనికి ‘హునర్’ అని గౌరవమైన పేరుంది. 1898లో లాహోర్‌నుంచి ‘తహజీబే నిస్వాఁ’ అనే స్త్రీల పత్రిక మొదలైంది. దాని సంపాదకురాలు ముహమ్మదీ బేగం. ఒక ముస్లిం స్త్రీ వారపత్రిక నడిపిన సంగతి ఇప్పటికీ చాలామంది తెలుగు పాఠకులకు కొత్తగానే ఉంటుంది. ఆమె వంటల పుస్తకం కూడా రాసింది. 1908లో ఢిల్లీనుంచి ‘ఇస్మత్’ వచ్చింది. ఇట్లాంటి పత్రికల్లో కథ పక్కన కబాబు, కబాబు పక్కన కుట్టుపని నమూనా ఉండేవి. చదువుకున్న స్త్రీలు నవ్వుకోవచ్చు గానీ, గడప దాటని ఆడపిల్లకు అచ్చు అక్షరం చేరడానికి ఆ కుట్టుపనే పాస్‌పోర్టు అయింది. పుస్తకం పట్టుకుంటే తిట్టే తండ్రి, నమూనా చూసుకుంటున్నానంటే ఊరుకునేవాడు. మన హైదరాబాదులో సుగ్రా హుమాయూఁ మీర్జా ‘అన్నిసా’ పత్రిక నడిపింది, నవలలు రాసింది, పరదా వదిలి బయటికొచ్చింది, 1934లో సఫ్దరియా బడి పెట్టింది. ఆ బడిలో ఆడపిల్లలకు చదువుతోపాటు చేతిపనులు కూడా నేర్పారు.

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. హునర్ అనే ఈ మాట షరీఫు ఇళ్ళది. అమ్మాయి జహేజ్ పెట్టెలో క్రోషియా గలీబులు, ఖురాన్ చుట్టే జుజ్‌దాన్, పాలగిన్నె మీద కప్పే పూసల అంచు గుడ్డ పెట్టి అత్తవారింటికి పంపగలిగినవాళ్ళ మాట అది. దూదేకుల స్త్రీకి హునర్ అనే బిరుదు ఎవరూ ఇవ్వలేదు. ఆమె దూది విదిలించింది, భర్త ఏకాడు, ఇద్దరూ కలిసి ఊరంతటికీ పరుపులు, దిండ్లు కుట్టారు. ఊరు మెత్తగా పడుకుంది. వాళ్ళమీద సామెతలు కట్టింది. సయ్యదులం, పఠాన్లం అనుకునే మావాళ్ళు కూడా వాళ్ళను పక్కన కూర్చోబెట్టుకోవడానికి మొహమాటపడ్డారు. తరవాత ఏకే యంత్రం వచ్చింది, ఫోము పరుపు వచ్చింది. నూర్‌బాషాల చేతిలో పని పోయింది. సామెతలు మాత్రం ఉన్నాయి.

షరీఫు హునర్ కూలిపనిగా మారిన తేదీ కూడా మాకు తెలుసు. 1948 సెప్టెంబరు. పోలీసు చర్య అన్నారు. ఆ తరవాత జిల్లాల్లో ఏం జరిగిందో చూసి రమ్మని ప్రభుత్వమే పంపిన సుందర్‌లాల్ కమిటీ, చనిపోయినవాళ్ళు 27 వేలనుంచి 40 వేల దాకా ఉంటారని అంచనా కట్టింది. ఆ నివేదిక జనం కళ్ళబడడానికి 2013 దాకా పట్టింది. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. జాగీర్లు పోవలసిందే, అందులో నాకు రెండో మాట లేదు. కానీ జాగీరుతోపాటు జాగీరు దగ్గర పనిచేసిన గుమాస్తా, దర్వాన్, వంటమనిషి, నిజాం ఫౌజులో, దఫ్తర్లలో చిన్న ఉద్యోగులు కూడా రోడ్డున పడ్డారు. మగవాళ్ళు కొందరు కరాచీ పోయారు, కొందరు ఇంట్లో మంచమెక్కారు. అప్పుడు పెట్టెల్లోంచి గలీబులు బయటికొచ్చాయి. ముందు ఉన్నవి అమ్మారు, తరవాత అమ్మడానికే అల్లారు. అమ్మేది కూడా తాము కాదు. నఖాబు వేసుకున్న ముసలామె ఒకతె గంప పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి, ఎవరి చేతిపని అని ఎవరికీ చెప్పకుండా అమ్మి పెట్టేది. పరువు, డబ్బు రెండూ ఆ గంపలోనే పోయి వచ్చేవి. 1960ల్లో, 70ల్లో హైదరాబాదులో ఏ హిందూ మధ్యతరగతి ఇంట్లోనో రేడియో మీదా, తరవాత టీవీ మీదా పరిచిన తెల్ల అల్లిక గుడ్డల్లో కొన్నయినా ఈ గంపలోంచి వచ్చినవే. ఎవరు అల్లారో ఆ ఇంటివాళ్ళకు తెలిసే వీలు లేదు.

వంటింటి చరిత్ర ఇంతకంటే కలిసిపోయింది. బిర్యానీని కాసేపు పక్కన పెడదాం. అది పెళ్ళిది, పండగది, హోటలుది. 2010లో హైదరాబాదీ హలీంకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. అదీ రంజాన్‌ది, భట్టీ పెట్టి మగవాళ్ళు వండేది. మా ఇళ్ళల్లో పొద్దున్నే ఉండేది ఖిచిడీ. మైసూరుపప్పు, బియ్యం, పసుపు, కాస్త మసాలా. దాని పక్కన ఖట్టా, ఉంటే ఖీమా, లేకపోతే అప్పడం. 14వ శతాబ్దంలో ఇబ్న్ బతూతా ఈ దేశం తిరిగినప్పుడు ఇక్కడి జనం పెసరపప్పు, బియ్యం కలిపి వండి నెయ్యి వేసుకుని పొద్దున్నే తింటారని రాసుకున్నాడు. అక్బరు కాలపు ‘ఆయినే అక్బరీ’లో ఖిచిడీ కొలత ఉంది. బియ్యం ఐదు సేర్లు, పప్పు ఐదు సేర్లు, నెయ్యి కూడా ఐదు సేర్లు. పాదుషాలకు అరిగేది కాబోలు! ఆ పుస్తకంలో మాంసం లేని వంటలన్నిటికీ కలిపి ఒక పేరు పెట్టారు, ‘సూఫియానా’ అని. తురకవాడంటే మాంసమే తింటాడు అనుకునేవాళ్ళకు ఈ మాట వినిపించాలని నాకు చాలా ఆశ. నెలాఖరులో మా గల్లీ మొత్తం సూఫియానాయే.

ఖట్టా ఎట్లా చేస్తారంటే, నువ్వులు వేయించి నూరి, పల్చటి చింతపండు రసంలో కలిపి, పచ్చి ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ తరిగి వేసి, పైన జీలకర్ర, ఎండుమిర్చి, కరివేపాకుతో బగార్ పెడతారు. పొయ్యిమీద మరిగించరు. తెలంగాణ పాఠకులకు ఇప్పటికే అర్థమై ఉంటుంది. ఇది పచ్చిపులుసు! ఒకే గిన్నె, రెండు పేర్లు. ఆ ఇంట్లో అన్నంలోకి పోస్తారు, ఈ ఇంట్లో ఖిచిడీ మీద పోస్తారు. ఎవరు ఎవరి దగ్గర నేర్చుకున్నారో తేల్చడానికి నేను కూర్చోను. చింతపండుకు అరబ్బులు పెట్టిన పేరు ‘తమ్రె హిందీ’, హిందూ దేశపు ఖర్జూరం. ఇంగ్లీషు పేరు కూడా అందులోంచే వచ్చింది. ఆ చెట్టు పుట్టిల్లు ఆఫ్రికా అని వృక్షశాస్త్రం చెబుతుంది. మిరపకాయ పోర్చుగీసు ఓడల్లో అమెరికా ఖండంనుంచి వచ్చింది. పులుపు ఆఫ్రికాది, కారం అమెరికాది. ఇక ఈ పులుసు హిందువుదా ముస్లిందా అని తగువెందుకు?

లేతచింతాకు వేసి మాంసం వండితే మా ఇంట్లో ‘చుగర్ కా గోష్’ అంటారు. ఈ చుగర్ ఏ ఉర్దూ నిఘంటువులోంచి వచ్చిందా అని చిన్నప్పుడు వెతికాను. తెలుగు చిగురు దక్కనీలోకి వచ్చి చుగర్ అయింది. దానికి బదులుగా మా బగార్ తెలుగు పెళ్ళిళ్ళకు పోయి బగారన్నం అయి కూర్చుంది. గోంగూర మా ఇంట్లో అంబాడా, అది మరాఠీ వైపు మాట. గోంగూర మాంసం ఆంధ్రుల వంట అని హోటలు బోర్డుమీద చూసినప్పుడు, అంబాడే కా గోష్ వండే మా అమ్మీని ఆంధ్రురాలిలో లెక్కేస్తారా లేదా అని అడగాలనిపిస్తుంది. ‘మీరు తెలుగు భలే మాట్లాడతారే’ అని ఆశ్చర్యపోయేవాళ్ళు నాకు వారానికి ఒకరైనా తగులుతారు. అన్నంలో ఖట్టీ దాల్ కలుపుకుని తింటూ పుట్టి పెరిగిన మనిషి ఇంకే భాష మాట్లాడాలి?

దాల్చా సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. శనగపప్పు, సొరకాయ, చింతపండు, నాలుగు ఎముకలు. పావుకిలో మాంసం పదిమందికి రావాలంటే దాల్చా చెయ్యాలి. బీరకాయ గోష్ అయినా, ఆలుగడ్డ గోష్ అయినా లెక్క అదే. ఎముక రుచి అందరికీ, ముక్క ఒకరిద్దరికి. ఆ ఒకరిద్దరు ఎవరన్నది కూడా చరిత్రే. ముక్క అబ్బాకూ అన్నయ్యకూ పోయేది, అమ్మీ గిన్నె తుడుచుకుని తినేది. ఇంటి వంట అనగానే కళ్ళల్లో నీళ్ళు తెచ్చుకునే కవులు మాలో తయారయ్యారు ఈ మధ్య. గిన్నె తుడుచుకున్న చెయ్యి కూడా ఆ కవితల్లోకి రావాలి.

ఆ వంటలో ఓదార్పు లేదని నేననను. 1990 డిసెంబరులో హైదరాబాదు తగలబడినప్పుడు నాకు పదేళ్ళు. కర్ఫ్యూ పెట్టారు. సడలింపు ఇచ్చిన కాసేపట్లో ఎవరు బయటికి పోవాలన్నదే పెద్ద ప్రశ్న. కూరగాయలు లేవు, పాలు లేవు. ఇంట్లో ఉన్నవి కందిపప్పు, చింతపండు, వెల్లుల్లి, కాస్త బియ్యం. రోజూ రెండు పూటలా ఖట్టీ దాల్. మెత్తగా ఉడికించి, గరిటె వెనకభాగంతో మెదిపి, పులుసు పోసి మరగనిచ్చి, చివర్లో బగార్ వేసేటప్పుడు చుయ్‌మని వచ్చే చప్పుడుకు మా గది గదంతా ఒక్క క్షణం తేలికపడేది. బయట బూట్ల చప్పుడు, లోపల ఈ చప్పుడు. మా ఖాలా ఆ రోజుల్లో ఒక టేబుల్ క్లాత్ మొదలుపెట్టి, కర్ఫ్యూ ఎత్తేసేలోపల సగం అల్లేసింది. కరెంటు పోయినప్పుడు చీకట్లో కూడా అల్లేది, వేళ్ళకు చూపుతో పని లేదు. ‘ఇప్పుడు ఇది ఎవరికోసం?’ అని అమ్మీ అడిగితే, ‘చేతులు ఊరుకుంటే మనసు ఊరుకోదు ఆపా’ అంది. తరవాత దాన్ని అమ్మేసింది. ఎంతకో గుర్తులేదు గానీ, దారం ఖర్చు పోగా పెద్దగా ఏమీ మిగల్లేదని గొణుక్కోవడం గుర్తుంది.

1990ల చివర్లో మావాళ్ళు తెలుగులో గొంతెత్తి రాయడం మొదలుపెట్టారు. 1998లో ‘జల్‌జలా’ వచ్చింది, 1999లో ‘దర్గామిట్ట కథలు’ పుస్తకమయ్యాయి. మా ఇళ్ళు, మా వంటలు, మా పిలుపులు తెలుగు అచ్చులోకి వచ్చాయి. ఆ గొంతుకు నేనూ రుణపడ్డాను. అయితే ఇంటి గురించి రాసినంతగా ఇంట్లో జరిగే కూలి గురించి మనం రాయలేదు. జనాభా లెక్కలవాడు వచ్చి మీ ఆవిడ ఏం చేస్తుందని అడిగితే, ఏమీ చెయ్యదు, ఇంట్లో ఉంటుంది అని చెప్పే మొగుడు నరసాపురంలోనూ ఉన్నాడు, తలాబ్‌కట్టలోనూ ఉన్నాడు. లెక్కలవాడు రాసుకుపోతాడు. పని లేనివారి గడిలో ఒక గీత పెరుగుతుంది.

ఇది విధిరాత అనుకోవద్దు. నిజామాబాదు, కరీంనగర్ వైపు బీడీలు చుట్టే ఆడవాళ్ళను చూడండి. వాళ్ళదీ ఇంట్లో కూర్చుని చేసే పనే. ఆకు, తంబాకు ఇంటికొస్తాయి, బీడీలు బయటికి పోతాయి. పద్మశాలి, ముస్లిం ఆడవాళ్ళు పక్కపక్క ఇళ్ళల్లో చుట్టారు. కానీ వాళ్ళు సంఘం పెట్టుకున్నారు, జులూసు తీశారు. 1966 బీడీ కార్మికుల చట్టం ఇంట్లో చుట్టేవాళ్ళను కూడా కార్మికులుగా ఒప్పుకుంది. 1976లో సంక్షేమ నిధి చట్టం వచ్చింది. వాళ్ళ చేతికి గుర్తింపు కార్డు వచ్చింది, ప్రావిడెంట్ ఫండ్ నంబరు వచ్చింది. చట్టాలు కాగితమ్మీద ఉన్నంతగా చేతికి అందలేదన్నది వేరే గొడవ. ఆ కార్డుమీద మాత్రం వాళ్ళ పేరు పక్కన కార్మికురాలు అని అచ్చయింది. 1996లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఇంటిదగ్గర పనిచేసేవాళ్ళ కోసం 177వ నంబరు ఒడంబడిక చేసింది. మన దేశం దానికి ఆమోద ముద్ర వెయ్యలేదు.

నరసాపురం క్రోషియా లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు దొరికింది. లేసుకు గుర్తింపు వచ్చింది, మంచిదే. ఇక దాన్ని ఆ పేరుతో వేరేచోట అల్లి అమ్మకూడదు. పాతబస్తీలో ఆ రోజు నాతో మాట్లాడిన జర్దోజీ ఆమె తన రేషన్ కార్డు తెచ్చి చూపించింది. ఇంట్లో ఆరుగురి పేర్లు. కొడుకు పేరు పక్కన వెల్డర్ అని పెన్నుతో రాసుకున్నారు, ఎవరో దరఖాస్తు కోసం అడిగితే రాశారట. ఆమె పేరు పక్కన ఏం రాశారని అడిగాను. ‘మేరే బాజూ కుచ్ నై లిఖే’ అని కార్డు మడిచి గలీబులో పెట్టుకుని, మళ్ళీ సూది అందుకుంది. గుత్తదారు సాయంత్రం వస్తాడట, రెండు మామిడిపిందెల డిజైన్లు ఇంకా మిగిలే ఉన్నాయి.